బ్రౌజరు ప్రూఫులు ఎవరు దిద్దాలి?

ఈ సంచిక పాఠకుల చేతికి రాకముందే దీనిలోని ప్రతి పుటా కనీసం రెండు మార్లు ప్రూఫు రూపంలో ఎవరో ఒకరి కంటబడి ఉంటుంది. తెలుగు విభాగపు ప్రూఫులు తెలుగు తెలిసినవారు, ఉర్దూ విభాగపు ప్రూఫులు ఉర్దూ తెలిసినవారు దిద్దుతారు. ఉర్దూ పుటలను కాతిబులు కలంతో వ్రాసి, తెలుగు పుటలను కంపోజిటర్లు సీసపు అక్షరాలతో కూర్చిన రోజులలోనూ ఈ పద్ధతి ఇదే. ఉర్దూ మాత్రమే తెలిసిన మిత్రుడు ఎంత పండితుడైనప్పటికీ ఆయనకు తెలుగు ప్రూఫు అప్పగించము. అప్పగిస్తే తప్పొప్పుల పట్టిక సంచికంత పొడవు అవుతుంది.

నేడు మనం అచ్చు పుటలకంటె తెరమీది పుటలనే ఎక్కువగా చదువుతున్నాము. ఆ పుటలను తెచ్చి మన కంటి ముందుంచే సాధనం బ్రౌజరు. దీనికి ‘విహారిణి’ అని కొందరు చక్కని పేరు పెట్టారు గాని అది జనం నోట నిలువలేదు. కాబట్టి నేనూ జనం మాటనే వాడుతున్నాను. ఈ బ్రౌజరుకు కూడా విడుదలకు ముందు ప్రూఫులు ఉంటాయనీ, వాటిని ఎవరైనా తెచ్చుకొని చూడవచ్చుననీ, తప్పు కనబడితే తెలుపవచ్చుననీ మన విద్యార్థులలో చాలామంది ఎరుగరు. తెలుగు ప్రూఫును తెలుగువారు, ఉర్దూ ప్రూఫును ఉర్దూవారు చూడకపోతే మరెవరు చూస్తారు? రెండు భాషలూ ఒకే కప్పు క్రింద గల మన కళాశాల ఈ పనిని చేపట్టడం ఉచితమని నా అభిప్రాయం.

నేను చెప్పబోయేది ఫైర్‌ఫాక్స్ అనే బ్రౌజరును గురించి. 1998 జనవరిలో నెట్‌స్కేప్ అనే అమెరికా సంస్థ తన బ్రౌజరు మూలపాఠాన్ని, అనగా ప్రోగ్రామర్లు వ్రాసిన అసలు ప్రతిని, లోకానికి బహిరంగం చేస్తామని ప్రకటించి, అదే సంవత్సరం మార్చి 31న ఆ మాట నిలబెట్టుకున్నది. వ్యాపారంలో ఓడిపోతున్న సంస్థ తీసుకున్న నిర్ణయమది. ఔదార్యం ఎంత, గత్యంతరం లేకపోవడం ఎంత అన్నది విజ్ఞులు ఊహించుకొనగలరు. ఏది ఏమైనా ఆ విత్తనం మొలిచింది. మొజిల్లా అనే పేరుతో పెరిగిన ఆ కృషి నుండి 2002 సెప్టెంబరులో ఫీనిక్స్ అనే చిన్న బ్రౌజరు పుట్టింది. అదే పేర్లు మార్చుకొని 2004 ఫిబ్రవరిలో ఫైర్‌ఫాక్స్ అయినది; 2004 నవంబరు 9న దాని 1.0 కూర్పు విడుదలైనది. ఆనాడు ఇంటర్నెట్ ఎక్స్‌ప్లోరర్‌ది దాదాపు ఏకచ్ఛత్రాధిపత్యం. అప్పటి తెలుగు పత్రికలు కొన్ని తమ తమ సొంత అక్షరాలతో, ఆ ఒక్క బ్రౌజరు కోసమే పుటలు తయారుచేస్తూ ఉండేవి. ఫైర్‌ఫాక్స్‌లో తెరిస్తే అర్థంకాని గుర్తుల వరుసలు కనబడేవి. ఆ గుర్తులను యూనికోడ్ తెలుగులోనికి మార్చి చూపడానికి ‘పద్మ’ అనే అనుబంధ పరికరాన్ని తయారుచేసుకొని తెలుగు పాఠకులు కాలం గడిపారు. మన లిపి కొరకు మనమే పూనుకొనవలసి రావడం క్రొత్త సంగతి కాదన్నమాట.

విడుదలకు ముందటి కూర్పులంటే ఏమిటో కొంత వివరించాలి. ఫైర్‌ఫాక్స్ మూలపాఠంలో ఎందరో ప్రోగ్రామర్లు రోజూ మార్పులు చేస్తూ ఉంటారు. ఆ మార్పులన్నింటినీ కలిపి దినానికి రెండు మార్లు క్రొత్త కూర్పు తయారవుతుంది. దీని పేరు నైట్లీ. అది పచ్చి ప్రూఫు. అందులో నిన్న సాయంత్రం ఎవరో వ్రాసిన వాక్యం ఈ ఉదయమే మన ఎదుట నిలుస్తుంది. కొన్ని వారాల తరువాత అది బీటా అనే దశకు చేరుతుంది. బీటాలో క్రొత్త హంగులు చేర్చరు, ఉన్న తప్పులు దిద్దుతారు. ఆ పైన జనానికి విడుదల. 2011 వరకు పెద్ద కూర్పు రావడానికి ఏడాదీ, అంతకు మించీ పట్టేది. ఆ ఏడాది నుండి ఆరు వారాలకొకటి చొప్పున విడుదల చేయసాగారు. 2020లో దానిని నాలుగు వారాలకు కుదించారు. నైట్లీలో కనబడిన తప్పుకు మందు తేలిక, ఆ మార్పును వెనుకకు తీసివేస్తే సరిపోతుంది. బీటాలో కనబడితే కొంత చర్చ జరగాలి. విడుదలైన తరువాత కనబడితే, అప్పటికే ఆ తప్పు కోట్ల యంత్రాలలోనికి పోయి కూర్చుంటుంది.

ఈ పద్ధతి ఫలించిన ఒక సందర్భం చెబుతాను. ఏ బ్రౌజరైనా ఏదైనా పుటను కోరినప్పుడు తన పేరును, కూర్పు సంఖ్యను ఆ పుట గలవారికి తెలుపుతుంది. కొన్ని వెబ్‌సైట్లు ఆ సంఖ్యలో మొదటి రెండు అంకెలనే చదివే విధంగా వ్రాయబడి ఉన్నాయి. అటువంటి సైటుకు 100వ కూర్పు 10వ కూర్పుగా తోచి, ‘నీ బ్రౌజరు పాతబడింది, పో’ అంటుంది. ఇటువంటి చిక్కు 2009లో ఒపేరా అనే బ్రౌజరు 10వ కూర్పుకు చేరినప్పుడే ఒకసారి వచ్చింది. అప్పుడు ఒపేరావారు లోకంతో పోరాడలేక, తమ బ్రౌజరు తన్ను తాను 9.80 అని చెప్పుకొనే ఏర్పాటు చేశారు. పెద్దమనిషి వయసు దాచుకున్నట్లు! ఫైర్‌ఫాక్స్ 100వ కూర్పు 2022 మే 3న విడుదలైనది. కాని 2021లోనే నైట్లీ వాడేవారిలో కొందరి బ్రౌజర్లు తమ సంఖ్య 100 అని ముందుగా ప్రకటించుకొని ఊరూరా తిరిగి వచ్చాయి. ఎక్కడెక్కడ తలుపు మూసివేశారో లెక్క తేలింది. చాలా చోట్ల ముందే మరమ్మతు జరిగింది. విడుదలనాడు పెద్ద కలవరమేదీ కలుగలేదు. కలవరం కలుగలేదు కాబట్టి పత్రికలలో వార్త కూడా కాలేదు. ప్రూఫు దిద్దేవాని కీర్తి ఎప్పుడూ ఇంతే.

ఇక మన లిపుల సంగతికి వస్తాను. ఆంగ్లంలో అక్షరాలు ఇటుకల వలె ఒకదాని ప్రక్క ఒకటి నిలబడతాయి. మన ‘స్త్రీ’ అనే ఒక్క అక్షరాన్ని కంప్యూటరు ఆరు సంకేతాలుగా దాచుకుంటుంది: స, పొల్లు, త, పొల్లు, ర, ఈత్వం. ఈ ఆరింటినీ చదివి, ఏ వత్తు ఎక్కడికి దిగాలో, గుడి ఎక్కడ కూర్చోవాలో నిర్ణయించి ఒక ఆకారం కట్టే యంత్రాంగం వేరే ఉన్నది. ఉర్దూలో చిక్కు మరొక విధం. ఒకే హర్ఫ్ పదం మొదట ఒక రూపం, నడుమ ఒక రూపం, చివర ఒక రూపం ధరిస్తుంది. నస్తలీఖ్ వ్రాతలోనైతే ప్రక్క అక్షరాన్ని బట్టి కూడా రూపం మారుతుంది. పదం పైనుండి క్రిందికి ఏటవాలుగా దిగుతుంది. పైగా వ్రాత కుడి నుండి ఎడమకు, మధ్యలో వచ్చే అంకెలు మాత్రం ఎడమ నుండి కుడికి.

ఫైర్‌ఫాక్స్‌లో ఈ రెండు లిపులకూ రూపం కట్టే యంత్రాంగం పేరు హర్ఫ్‌బజ్. మన ఉర్దూ మిత్రులు ఈ పేరు వినగానే నవ్వుకుంటారు, ఎందుకంటే అది వారికి తెలిసిన మాటే. ఫారసీలో ‘హర్ఫ్’ అంటే అక్షరం, ‘బాజ్’ అంటే తెరచినది. ఇరాన్‌లో పుట్టిన బెహ్దాద్ ఎస్ఫహ్బోద్ అనే ప్రోగ్రామరు దీనికి ప్రధాన కర్త. అతడు పెట్టిన ఫారసీ పేరుతోనే అది నేడు తెలుగు వత్తులను దించుతున్నది, ఉర్దూ అక్షరాలను కలుపుతున్నది. క్రోమ్ బ్రౌజరులోను, ఆండ్రాయిడ్ ఫోనులలోను, లిబ్రె ఆఫీసులోను పనిచేసేదీ ఇదే. మన కళాశాలలో రెండు విభాగాల విద్యార్థులు వేర్వేరు తరగతులలో కూర్చుంటున్నారు గాని, వారి అక్షరాలు ఇప్పటికే ఒకే గదిలో కూర్చొని తయారవుతున్నాయి.

ఆ గదిలో ఎవరూ గమనించని తప్పు మిగిలితే ఏమవుతుందో 2018 ఫిబ్రవరిలో లోకమంతా చూసింది. అది ఫైర్‌ఫాక్స్ ఉదంతం కాదు, ఆపిల్ సంస్థ ఫోనులది. అయినా మన విషయానికి అంతకంటె దగ్గరి దృష్టాంతం లేదు. ‘జ్ఞా’ అనే తెలుగు అక్షరంలో ‘జ్ఞ’కూ దీర్ఘానికీ నడుమ కంటికి కనబడని ఒక విభజన గుర్తు చేరి ఉంటే, ఆ అక్షరాన్ని తెరమీద చూపబోయిన ప్రోగ్రాము వెంటనే కుప్పకూలేది. సందేశంగా అందుకొన్నవారి వాట్సాప్ మొదలైనవి మళ్ళీ తెరుచుకొనేవి కావు. ఆకతాయిలకు అది ఆట అయినది. ఒక తెలుగు అక్షరాన్ని పంపి ఎదుటివారి ఫోనును పడగొట్టడం కొద్దిరోజులపాటు ప్రపంచవ్యాప్తమైన వినోదం. బెంగాలీ లిపిలోని కొన్ని అక్షరాలకూ ఈ గుణం ఉన్నదని తరువాత తేలింది. ఆపిల్ సంస్థ ఫిబ్రవరి 19న మరమ్మతు చేసిన 11.2.6 కూర్పును విడుదల చేసింది.

ఇందులో గమనించవలసినవి రెండున్నాయి. ఆ విభజన గుర్తు ఏదో మారుమూల వస్తువు కాదు. ఈ వ్యాసంలో ‘ఫైర్‌ఫాక్స్’ అని వ్రాసినప్పుడల్లా ‘ర్’ తరువాత దానిని వాడవలసి వస్తున్నది. లేకపోతే ‘ఫ’ వత్తుగా మారి క్రిందికి దిగిపోతుంది. ‘సాఫ్ట్‌వేర్’ అన్న మాటకూ అది కావాలి. ఫారసీ వ్రాతలో అది అడుగడుగునా వస్తుంది. తెలుగును నిత్యం టైపు చేసేవారు ఎందరో పరీక్షకులుగా ఉండి ఉంటే ఆ తప్పు విడుదలకు ముందే దొరికేదని ఖండితంగా చెప్పలేము; అక్షరం నడుమ ఆ చోట దానిని ఎవరూ మామూలుగా పెట్టరు. దొరికే అవకాశం హెచ్చేదని మాత్రం చెప్పవచ్చు. రెండవది మరింత ఆసక్తికరం. అప్పటికే పరీక్షలో ఉన్న 11.3 బీటాలో ఆ తప్పు లేదు. అంటే ప్రూఫులో ఒప్పు, అచ్చులో తప్పు! కాని ఆ మూలపాఠం బహిరంగం కాదు కాబట్టి బయటివారికి ఎదురుచూడడం తప్ప చేయగలిగినది లేకపోయింది.

2011 జనాభా లెక్కల ప్రకారం మన దేశంలో తెలుగు మాతృభాషగా గలవారు 8 కోట్లకు పైచిలుకు, ఉర్దూ గలవారు 5 కోట్లకు పైచిలుకు. ఇంతమంది చదివే లిపులను విడుదలకు ముందు చూచేవారు ఎందరని అడిగితే జవాబు చెప్పడానికి సిగ్గుపడవలసి వస్తుంది. ఫైర్‌ఫాక్స్ మెనూలు తెలుగులోను, ఉర్దూలోను లభిస్తున్నాయి; స్వచ్ఛందంగా శ్రమించిన కొద్దిమంది అనువాదకుల పుణ్యమది. ఆ కొద్దిమందే అనువదించి, ఆ కొద్దిమందే పరీక్షించి, ఆ కొద్దిమందే ఫిర్యాదు వ్రాయాలంటే అయ్యే పని కాదు.

పరీక్షించడమంటే ఏదో ప్రోగ్రామింగు విద్య అని విద్యార్థులు జంకుతారు. అక్కడ కావలసినది ఓపిక, తన భాష తనకు తెలిసి ఉండడం. తెలుగు పుట ఒకటి నైట్లీలో తెరచి చూడండి. అక్షరాలను పెద్దవి చేసినప్పుడు ‘రాష్ట్రం’, ‘స్త్రీ’ వంటి మాటలలో అడుగు వత్తు క్రింది గీతకు తగిలి తెగిపోతున్నదా? మీట గీతను ఒక్కొక్క అడుగు జరిపితే అది అక్షరం మొత్తాన్ని దాటుతున్నదా, వత్తు మధ్యలో చిక్కుకొంటున్నదా? పుటలో ఒక మాటను వెదకితే దొరుకుతున్నదా? పంక్తి చివర మాట విరిగినప్పుడు పొల్లు ఒక పంక్తిలో, దాని వత్తు మరొక పంక్తిలో పడుతున్నాయా? ఉర్దూ పుటలో నస్తలీఖ్ అక్షరాల నెత్తులు బొత్తాముల అంచున కత్తిరింపబడుతున్నాయా? వాక్యం చివరి చుక్క కుడివైపుకు పారిపోతున్నదా? ఫోను నంబరు, తేదీ తలక్రిందులవుతున్నాయా? ఉర్దూ వాక్యంలో ఒక తెలుగు మాట వస్తే ఏమవుతున్నది? ఈ చివరి ప్రశ్న అడగడానికి లోకంలో మనకున్నంత అర్హత బహుశా మరెవరికీ లేదు.

తప్పు కనబడిన తరువాతనే అసలు పని మొదలవుతుంది. ‘తెలుగు సరిగా రావడం లేదు’ అని వ్రాసి పంపితే చదివినవారు నిట్టూర్చి ప్రక్కన పెడతారు. వారిని తప్పుపట్టడానికి వీలులేదు. వైద్యుని వద్దకు పోయి ‘ఒంట్లో బాగులేదు’ అని మాత్రం చెప్పి ఊరకుంటే ఆయనైనా ఏమి చేస్తాడు? ఏ పుట, ఏ మాట, ఏ ఫాంటు, ఏ యంత్రం, బ్రౌజరు ఏ తేదీ కూర్పు అన్నవి తెలపాలి. ఏమేమి చేస్తే ఆ తప్పు కనబడుతుందో వరుసగా వ్రాయాలి. ఏమి కనబడాలని ఆశించామో, నిజానికి ఏమి కనబడిందో రెండూ వేరువేరుగా చెప్పాలి. తెర ఫోటో జతచేయాలి. అంతకుముందు దోషం ఎవరిదో తేల్చుకోవాలి. అదే పుట మరొక బ్రౌజరులోనూ అలాగే ఉంటే దోషం పుటదో, ఫాంటుదో కావచ్చు. ఫాంటు మార్చగానే పోతే ఫాంటుదే. క్రొత్త ప్రొఫైలులో తెరిస్తే పోతే మనం తగిలించుకొన్న అనుబంధాలది. తర్కశాస్త్రం చదివే విద్యార్థులకు దీనికి మించిన అభ్యాసం నాకు తోచదు.

మొన్న బాగున్నది నేడు చెడిందనుకొనండి. ఏనాటి మార్పు వలన చెడిందో కనుగొనే ఉపాయం ముచ్చటైనది. నిఘంటువులో మాట వెదికేవాడు మొదటి పుట నుండి ప్రారంభించడు; నడిమికి తెరచి, తన మాట ముందున్నదో వెనుకనున్నదో చూచుకొని, ఆ సగాన్ని మళ్ళీ నడిమికి తెరుస్తాడు. మొజ్‌రిగ్రెషన్ అనే చిన్న పరికరం పాత నైట్లీలను ఇదే విధంగా ఒక్కొక్కటి తెచ్చి మన ముందు పెట్టి, ‘ఇందులో బాగున్నదా, చెడినదా?’ అని అడుగుతుంది. వెయ్యి రోజుల కూర్పులలో తప్పు ప్రవేశించిన రోజు పది ప్రశ్నలలో తేలిపోతుంది. లెక్కల విద్యార్థులు కారణం చెప్పగలరు.

ఈ ఫిర్యాదులు చేరే చోటు పేరు బగ్‌జిల్లా. 1998 నుండి నడుస్తున్న బహిరంగ రిజిస్టరు అది. ఎవరైనా పేరు నమోదు చేసుకొని వ్రాయవచ్చు, ఇతరులు వ్రాసినవి చదవవచ్చు. ఒక్క హెచ్చరిక. మీ ఫిర్యాదుకు ‘ఇది వేరొకరు ఇదివరకే తెలిపినారు’ అనో, ‘మా వద్ద సరిగానే పనిచేస్తున్నది’ అనో జవాబు రావచ్చు. చాలాకాలం ఏ జవాబూ రాకపోవచ్చును కూడా. సంవత్సరాల తరబడి తెరచి ఉన్న ఫిర్యాదులు అక్కడ కోకొల్లలు. దీనికి నొచ్చుకొని మానుకొనేవాడు ఈ పనికి తగడు. భద్రతకు సంబంధించిన లోపాలకు మాత్రం త్వరగా స్పందిస్తారు, 2004 నుండి బహుమతి కూడా ఇస్తున్నారు. మొదట 500 డాలర్లుండేది, 2010లో 3,000 చేశారు. ఆ ఏడాదే కాలిఫోర్నియాలో పన్నెండేళ్ళ బాలుడొకడు ఆ బహుమతి గెలుచుకొన్నాడు. అటువంటి లోపాలను బహిరంగంగా వ్రాయరాదు. వాటికి వేరే గోప్యమైన దారి ఉన్నది.

ఈ ప్రతిపాదనకు ఆక్షేపణలు లేకపోలేదు. ‘ధనిక దేశపు సంస్థకు మన పిల్లలు వెట్టిచాకిరి ఎందుకు చేయాలి?’ అనే మాట మొదటిది, గట్టిది. మొజిల్లా రాబడిలో అధికభాగం గూగుల్‌తో గల వెదుకుడు యంత్రపు ఒప్పందం వలన వచ్చే సొమ్ము. అక్కడ జీతాలు తీసుకొనే ఇంజనీర్లున్నారు. అట్టిచోట ఉచితంగా శ్రమించడం న్యాయమా? మూలపాఠం మూసి ఉన్న సంస్థ విషయంలోనైతే నేనూ ఈ ఆక్షేపణతో ఏకీభవిస్తాను. ఇక్కడ తేడా ఏమిటంటే, దిద్దిన ప్రతి తప్పు బహిరంగ పాఠంలో నిలిచిపోతుంది. రేపు మొజిల్లా సంస్థ దివాలా తీసినా ఆ దిద్దుబాటు మన వద్ద ఉంటుంది. టార్ బ్రౌజరు వంటివి ఆ పాఠం మీదనే కట్టబడినాయి.

‘దానిని వాడేవారే తగ్గిపోయినారు గదా’ అన్నది రెండవ ఆక్షేపణ. నిజమే, నేడు అత్యధికులు వాడేది క్రోమ్. కాని హర్ఫ్‌బజ్ ఉమ్మడి ఆస్తి అని పైన చెప్పాను. ఫైర్‌ఫాక్స్‌లో పట్టుబడిన వత్తు దోషం ఆ ఉమ్మడి చోటిదైతే, అక్కడ దిద్దినప్పుడు క్రోమ్‌లోనూ, మన జేబులలోని ఫోనులలోనూ దిద్దినట్లే.

మూడవది బహిరంగ మూలపాఠాన్ని మరీ మెచ్చుకొనేవారి మాట: ‘అందరికీ కనబడేదానిలో తప్పు దాగదు, మనం చూడకపోయినా ఎవరో ఒకరు చూస్తారు’ అని. ఇది అబద్ధమని 2014 ఏప్రిల్‌లో రుజువైనది. వెబ్‌సైట్ల రహస్యాలను కాపాడే ఓపెన్ ఎస్ఎస్ఎల్ అనే బహిరంగ ప్రోగ్రాములో హార్ట్‌బ్లీడ్ అనే ఘోరమైన లోపం 2012లో విడుదలైన కూర్పు నుండి రెండేళ్ళు అందరి కళ్ళ ఎదుటే పడి ఉన్నది. తలుపు తెరచి ఉంచినంత మాత్రాన చుట్టాలు రారు, ఎవరో ఒకరు బయలుదేరి రావాలి.

పరీక్షకులున్నా పట్టుబడని తప్పులు సైతం ఉంటాయని ఒప్పుకోవాలి. 2019 మే 4న ఫైర్‌ఫాక్స్ అనుబంధాలన్నీ లోకమంతటా ఒక్కసారిగా పనిచేయడం మానివేశాయి. వాటికి ముద్ర వేసే ధ్రువపత్రానికి ఆనాటితో గడువు తీరడమే కారణం. గడువు తీరే రోజు వచ్చేదాకా ఎంత పరీక్షించినా అంతా సవ్యంగానే కనబడుతుంది. దానికి క్యాలెండరు చూచే గుమాస్తా కావాలి గాని పరీక్షకుడు కాదు.

కార్యవర్గ సభ్యులకు సహజంగా కలిగే భయం లాబొరేటరీ కంప్యూటర్లు పాడవుతాయేమోనని. నైట్లీ మామూలు ఫైర్‌ఫాక్స్ ప్రక్కనే వేరుగా ఉండగలదు. 2019లో వచ్చిన 67వ కూర్పు నుండి ఒక్కొక్క దానికి ప్రొఫైలు వేరుగా ఏర్పడుతున్నది గనుక ఒకదాని గుర్తులు, సంకేతపదాలు మరొకదానిలో కలియవు. అయినా నైట్లీలో బ్యాంకు పనులు, పరీక్ష ఫీజు చెల్లింపులు చేయరాదని గోడమీద వ్రాసి పెట్టడం మంచిది. విడుదలకు ముందటి కూర్పులు తమ పనితీరును గురించిన సమాచారాన్ని తయారీదారులకు మామూలు కూర్పుకంటె ఎక్కువగా పంపుతాయి. ఆ సంగతి విద్యార్థులకు ముందుగా చెప్పి, ఇష్టపడినవారినే ఇందులోనికి తీసుకోవాలి. నైట్లీ మరీ పచ్చిదని సంకోచించేవారు బీటాతో ప్రారంభించవచ్చు. ఇంట కంప్యూటరు లేనివారికి ఆండ్రాయిడ్ ఫోనులోనూ నైట్లీ లభిస్తుంది; మన విద్యార్థులలో అధికులు చదివేది ఫోనులోనే కాబట్టి అక్కడి తప్పులే మనకు ముఖ్యం.

ఏర్పాటు పెద్దది కానక్కరలేదు. లాబొరేటరీలో రెండు కంప్యూటర్లు, వారానికి ఒక గంట చాలు. ఒక్కొక్క కంప్యూటరు వద్ద తెలుగు విభాగం నుండి ఒకరు, ఉర్దూ విభాగం నుండి ఒకరు జంటగా కూర్చోవాలి. వత్తు తెగిందని తెలుగు విద్యార్థి చూపితే, నస్తలీఖ్‌లోనూ అదే అంచు వద్ద తెగుతున్నదని ప్రక్కవాడు చెప్పగలడు. రెండింటికీ మూలం ఒకటే కావచ్చు. చూచిన ప్రతి దోషాన్ని ఒక రిజిస్టరులో తేదీతో వ్రాసుకోవాలి. ఫిర్యాదు ఆంగ్లంలోనే పంపవలసి ఉంటుంది కనుక, పంపేముందు ఆంగ్ల విభాగపు అధ్యాపకులొకరు చదివిపెడితే వారికి పుణ్యం, పిల్లలకు వ్రాత అభ్యాసం. ఎవరు ఎన్ని ఫిర్యాదులు పంపారన్న లెక్క పెట్టవద్దని నా మనవి. లెక్క పెడితే అనవసరమైన ఫిర్యాదులు కుప్పపడతాయి, మన కళాశాల పేరు చూడగానే అక్కడివారు కాగితం మడిచి పెడతారు.

ఒక చిక్కు మాత్రం నాకు తెగలేదు. వేసవి సెలవులలో లాబొరేటరీకి తాళం పడుతుంది, నైట్లీకి సెలవులు లేవు. జూన్‌లో తిరిగి వచ్చేసరికి మనం చూడని కూర్పులు రెండు మూడు విడుదలైపోయి ఉంటాయి. ఊళ్ళకు పోయిన విద్యార్థులు తమ ఫోనులలో చూచి తెలిపే తప్పులను వ్రాసుకొనడానికి ఆ రిజిస్టరు ఈ రెండు నెలలు ఎవరి వద్ద ఉండాలో, పరీక్షలు ముగియకముందే కార్యవర్గం నిర్ణయించాలి.